పాళీ చప్పుడు

మా సారుకు చూపు పోయిందన్న సంగతి నాకంటే ముందు ఆయన గది ఊడ్చే మనిషికి తెలిసింది. ఆమెకు ఓనమాలు రావు. నేనేమో ఎమ్మే లాటిన్ చదువుతున్నదాన్ని, వారానికి ఐదు రోజులు, రోజుకు రెండు గంటలు ఆయన ఎదురుగా కూర్చున్నదాన్ని. ఎవరి చదువు ఏపాటిదో అక్కడే తేలిపోయింది.

డెబ్బైల చివరి రోజులవి. మా బాపు యాకుత్‌పురా స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. పట్టాల పక్కనే రెండు గదుల రైల్వే క్వార్టర్. బండి వచ్చినప్పుడల్లా గోడ మీది ఏసు పటం టకటకలాడేది. నా చిన్నతనంలో గుళ్ళో పూజంతా లాటిన్‌లోనే జరిగేది. ఒక్క ముక్కకు అర్థం తెలియకపోయినా నాకు మొత్తం నోటికి వచ్చు. తీరా అర్థం అడిగే వయసు వచ్చేసరికి పూజ తెలుగులోకి మారిపోయింది. అందరూ సంతోషించారు. నాకు ఒళ్ళు మండింది. అదేమిటో చెప్పకుండానే చేతిలోంచి లాక్కున్నారనిపించింది. ఆ కోపంతోనే డిగ్రీలో లాటిన్ తీసుకున్నాను.

"లాటినా? గదెవ్వలు మాట్లాడుతరు?" అని పక్క క్వార్టరామె మా అమ్మను అడిగింది.

"ఎవ్వలు మాట్లాడరంట. ఎదురు జెప్పెటోళ్ళు లేరని మా పిల్ల గదే పట్టుకుంది" అంది అమ్మ.

ఆ సబ్జెక్టు తీసుకున్నవాళ్ళం ముగ్గురం, చెప్పే సారు ఒక్కరు. మేం పాసైన ఏడే ఆయన రిటైరయ్యారు, కాలేజీలో లాటిన్ మూసేశారు. మిగతా ఇద్దరూ బుద్ధిమంతులు, వేరే దారి చూసుకున్నారు. నేను బొంబాయి వైపు ఒక విశ్వవిద్యాలయంలో ప్రైవేటుగా ఎమ్మేకి కట్టి, మొదటి ఏడు గట్టెక్కాను. రెండో ఏడు మొదట్లోనే ఒక ఉత్తరం వచ్చింది. లాటిన్ ఎమ్మే పరీక్ష పెట్టడం ఇదే ఆఖరుసారి, తప్పినవాళ్ళు మళ్ళీ రాయడానికి ఉండదు అని అందులో ఉంది. వేరే జిల్లాలో ఒక కాలేజీవాళ్ళు, పట్టా తెచ్చుకుంటే లెక్చరర్‌గా తీసుకుంటామని మాట ఇచ్చి ఉన్నారు. తప్పితే ఇన్నేళ్ళ చదువూ అడవి గాచిన వెన్నెలే. ఆ ఉత్తరం మడతపెట్టి మంచం కింద ట్రంకుపెట్టెలో పెట్టాను. రోజూ పడుకునే ముందు అది నా వీపు కిందే ఉన్నట్టు అనిపించేది.

సారు కార్వాన్‌లో ఒక పాలవాళ్ళ ఇంట్లో మేడ మీది గదిలో ఉండేవారు. కింద గేదెలు, పేడ, పాల క్యాన్ల మోత. పైన లాటిన్. ఇంటావిడే ఆయన గది ఊడ్చి, రెండు పూటలా అన్నం పైకి పంపేది. సారుది గుంటూరు వైపు పల్లె. పన్నెండేళ్ళకే ఫాదిరీని చేద్దామని సెమినరీలో వేశారట. పదేళ్ళు చదివి, ఫాదిరీ కాకుండానే బయటికి వచ్చేశారు. ఎందుకు వచ్చేశారని ఒకసారి అడిగాను. "మా అమ్మ నన్ను చూడ్డానికి వచ్చిందమ్మా, అనుమతి లేని రోజున. గేటు తియ్యలేదు. పైన కిటికీలోంచి చూశాను. సాయంత్రం దాకా కూర్చుని వెళ్ళిపోయింది. మళ్ళీ చూడలేదు" అన్నారు. అని, వెంటనే పాఠంలోకి వెళ్ళిపోయారు. నేను కూడా నోటుబుక్కులోకి తల దించుకున్నాను.

ఆయన పాఠం చెప్పే పద్ధతి సెమినరీ పద్ధతి. గ్రంథం ఆయన ముందు వ్యాసపీఠం మీద ఉండేది, చెక్క వీపు నా వైపు. నేను అటు వెళ్ళి చూడకూడదు. గురువు వెనక నిలబడి చదవడం దొంగతనం కింద లెక్క. ఆయన ఒక వాక్యం చెబుతారు, నేను రాసుకుంటాను. నా పాళీ చప్పుడు ఆగితేనే తర్వాతి వాక్యం మొదలుపెడతారు. తలెత్తి చూసేవారు కాదు, చెవితోనే కనిపెట్టేవారు. లాటిన్‌లో కూడా మన తెలుగులాగే క్రియ చాలాసార్లు చివరకు వస్తుంది. "ఇంగ్లీషువాళ్ళు దాని కోసం గుడ్డెద్దు చేలో పడ్డట్టు వెతుక్కుంటారు, మనం ఊరికే కూర్చుంటే అదే వస్తుంది" అనేవారు. అలా అన్నప్పుడు మాత్రం నవ్వేవారు.

ఆ ఏడు మాకున్న పెద్ద పేపరుకు ఒక చరిత్ర గ్రంథం పెట్టారు. శత్రువు చుట్టుముట్టిన ఒక ఊరి కథ. కోట తలుపులు మూసుకుని జనం లోపల ఎట్లా బతికారు, ఎట్లా చచ్చారు అన్నదంతా వివరంగా ఉంటుంది. ఆ పుస్తకం బజార్లో దొరికేది కాదు. కాలేజీలో ఉన్న కాపీ సెమినరీ లైబ్రరీకి తరలిపోయింది, అక్కడికి ఆడవాళ్ళను రానిచ్చేవారు కాదు. ఉన్నదల్లా సారు దగ్గరున్న కాపీ ఒక్కటే. అందుకని మొత్తం చెప్పించుకుని రాసుకుంటున్నాను. దసరా నాటికి నాలుగు నోటుబుక్కులు నిండాయి.

దసరా వెళ్ళిన కొన్నాళ్ళకు ఒకరోజు పాఠానికి బయల్దేరాను. పురానాపూల్ దగ్గరికి వచ్చేసరికి షట్టర్లు ఒకదాని వెంట ఒకటి దిగుతున్నాయి. ఎవరూ పరుగెత్తడం లేదు, దానికే నాకు భయం వేసింది. రిక్షా అతను పక్కకు ఆపేశాడు.

"ఆగే నక్కో జా బేటీ. ఘర్ చల్, ఘర్" అన్నాడు. ముందుకు వద్దు, ఇంటికి పదమంటూ నేను ఒప్పుకునే లోపే రిక్షా వెనక్కి తిప్పాడు.

ఎక్కడో ఏదో జరిగింది. ఏం జరిగిందో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పారు. సాయంత్రానికి కర్ఫ్యూ పెట్టారు. నాలుగు రోజులు మా క్వార్టర్ తలుపు తియ్యలేదు. బాపు ఒక్కడే డ్యూటీకి వెళ్ళి, జేబులో పాసు పట్టుకుని పట్టాల వెంబడే నడిచి వచ్చేవాడు. ఆ నాలుగు రోజులూ ముట్టడి పాఠం వల్లించాను. చదువుతున్నదానికీ కిటికీ బయట ఉన్న నిశ్శబ్దానికీ పెద్ద తేడా కనిపించలేదు. నాకు అది నచ్చలేదు.

ఐదో రోజు వెళ్ళాను. మెట్లెక్కుతుంటేనే సారు లోపలి నుంచి అడిగారు.

"గేటు తీశారా?"

"తీసిండ్రు సార్. పొద్దటి సంది బస్సులు గూడ నడుస్తున్నయి" అన్నాను. పోలీసులు పెట్టిన అడ్డుకర్రల గురించి అడుగుతున్నారనుకున్నాను. ఆయన పాఠం మొదలుపెట్టారు. ఆ రోజు గొంతు ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంది. ఆ సాయంత్రం కథలోకి ఒక ముసలమ్మ వచ్చింది. కొడుకు కోసం ఎక్కడి నుంచో నడిచి వచ్చి, మూసిన కోట తలుపు బయట నిలబడింది. లోపల తాళంచెవి పట్టుకుని ఒక కాపలావాడు ఉన్నాడు. భలే ఉందే అనుకుని రాసుకున్నాను.

అట్లా రెండు నెలలు గడిచాయి. పరీక్షకు నెల రోజులుందనగా ఒక సాయంత్రం దిగి వస్తుంటే పాలామె మెట్ల దగ్గర ఆపింది. చేతిలో చీపురు ఉంది.

"బిడ్డా, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. గా బుక్కు మీద సున్నం పెచ్చు వడ్డది సూసినవా?"

"ఏ బుక్కు?"

"సారు ముంగట పెట్టుకుంటడు సూడు, గదే. పైకెల్లి పెచ్చు రాలి పేజీల వడ్డది. దసర సంది గాడనే ఉన్నది. నేను దినాం ఊడుస్త గద. తీస్తె సారు ఏమంటడో అని ముట్టలే. సారు పేజి తిప్పుతలేడు బిడ్డా. సారుకు కండ్లు కనవడ్తలెవ్వు."

పిచ్చి మాటలు చెప్పకమ్మా అందామనుకున్నాను. కానీ ఆమె చెబుతుంటేనే నాకు అన్నీ గుర్తొచ్చాయి. నేను తలుపు దగ్గరికి రాకముందే చెప్పుల చప్పుడు విని పేరు పెట్టి పిలవడం, గోడ తడుముకుంటూ కూజా దగ్గరికి వెళ్ళడం, ఎండ వెలుగులో కూడా దీపం వెయ్యమనడం. ఇవన్నీ చూస్తూనే ఉన్నాను. నాకు కావలసింది లాటిన్, ఆయన కాదు. అందుకే కనబడలేదు.

మర్నాడు ముందుగా వెళ్ళాను. సారు కింద నూతి దగ్గర స్నానం చేస్తున్నారు. జీవితంలో మొదటిసారి వ్యాసపీఠం అవతలికి వెళ్ళాను. పేజీ తెరిచి ఉంది. దాని మీద రూపాయి బిళ్ళంత పెచ్చు. ఊదితే పోయింది. చుట్టూ కాగితం దుమ్ముతో మసకబారి ఉంది, పెచ్చు ఉన్నచోట మాత్రం తెల్లగా ఉంది. అది ముట్టడి మొదలయ్యే పేజీ. నేను రాసుకున్నది దాన్ని దాటి ఎంతో ముందుకు వెళ్ళిపోయింది. ఆయన ఇన్నాళ్ళుగా నాకు చదివి చెప్పింది ఎక్కడి నుంచి?

మా గుడి ఫాదర్‌ను కాళ్ళావేళ్ళా పడి అడిగితే, సెమినరీ లైబ్రరీ నుంచి ఆ పుస్తకం తన పేరు మీద తెప్పించి పెట్టాడు. ఇంట్లో మంచం మీద ఒకవైపు అచ్చు పుస్తకం, ఇంకోవైపు నా నోటుబుక్కులు పెట్టుకుని కూర్చున్నాను. పెచ్చు పడ్డ పేజీ దాటాక కూడా డెబ్బై పేజీలు అక్షరం పొల్లు పోలేదు. పుస్తకం మొత్తం ఆ ముసలాయన తలలో ఉంది. నేనే అనవసరంగా అనుమానించానని ఏడుపు కూడా వచ్చింది. ఐదో నోటుబుక్కు సగానికి వచ్చేదాకా అట్లాగే అనుకున్నాను.

కర్ఫ్యూ ఎత్తేసిన రోజు రాసుకున్న పాఠం దగ్గర పుస్తకం ఒక దారి, నోటుబుక్కు ఒక దారి పట్టాయి. అచ్చులో ముసలమ్మ లేదు. కాపలావాడూ లేడు. సైన్యం ఆహారం సంగతి, బావుల సంగతి ఉంది. నా నోటుబుక్కులో మాత్రం రెండు నెలలుగా ముసలమ్మ తలుపు బయటే కూర్చుని ఉంది. ఆ లాటిన్‌లో తప్పు పట్టడానికి లేదు. ఆ గ్రంథకర్తకు ఏ మాత్రం తీసిపోదు. కానీ అది పుస్తకం కాదు, సారు. ఆయన ఆ సంగతి ఎరగరు. ఎరిగి నన్ను మోసం చేసే మనిషి కాదు.

అమ్మకు చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతూ అంతా విన్నది.

"చెప్తె సారు పానం పోతది. చెప్పకుంటె నువ్వు ఫేలైతవ్. గట్లనా?"

"గంతే."

"గట్లైతె నీ బుక్కు నువ్వు ఇంట్ల సదువుకో. సారు చెప్పేది సారును చెప్పనియ్యి. పోకుంట మాత్రం ఉండకు."

అట్లాగే చేశాను. తెల్లవారుజామున లేచి అసలు పుస్తకం చదివేదాన్ని, సాయంత్రం కార్వాన్ వెళ్ళి సారు చెప్పేది రాసుకునేదాన్ని. వారం తిరగకముందే ప్రమాదం అర్థమైంది. రాసిన వాక్యం తలలో నిలుస్తుంది. పొద్దున చదివిన బావుల సంగతి వల్లించుకుంటుంటే మధ్యలో ముసలమ్మ వచ్చి నిలబడేది. పరీక్షలో అట్లా ఒక్క వాక్యం కలిసిందంటే నా పని అయిపోయినట్టే. రాయడం మానెయ్యాలి. మానేస్తే పాళీ చప్పుడు ఉండదు, చప్పుడు లేకపోతే సారు ముందుకు సాగరు.

అప్పుడు ఒక పని చేశాను. పెన్నులో సిరా పొయ్యకుండా పట్టుకుపోయాను.

ఉత్త పాళీతో కాగితం మీద గీసేదాన్ని. ఆయన వాక్యం ముగించగానే గీకడం మొదలుపెట్టి, సరిపోయినంతసేపు గీకి, ఆపేదాన్ని. ఏ అనుమానమూ రాకూడదని గట్టిగా అదిమి గీసేదాన్ని. చెయ్యి అట్లా తిరుగుతుంటే లోపల అసలు పాఠం వల్లించుకునేదాన్ని. ఆయన మాటలు చెవిన పడకుండా చూసుకోవడం నేర్చుకున్నాను. నేర్చుకోవడంలో నేనెప్పుడూ దిట్టనే. మూడు వారాలు, పదిహేను పాఠాలు. ఆఖరి రోజున ఆయన ఒక వాక్యం చెప్పి, నా చప్పుడు ఆగేదాకా ఉండి, "అయిపోయిందమ్మా" అన్నారు. చొక్కా కొసతో ముఖం తుడుచుకున్నారు. మేడ మీది గదికి పొద్దంతా ఎండ కదా, చెమట అనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

బాపు రైల్వే పాసు మీద నన్ను పరీక్షకు తీసుకుపోయాడు. హాలు బయట చెట్టు కింద సద్ది మూట పట్టుకుని రోజూ సాయంత్రం దాకా కూర్చున్నాడు. హాల్లో లాటిన్‌కు మేం ఇద్దరమే, నేనూ ఒక ముసలి సన్యాసినీ. చరిత్ర పేపరులో అనువాదానికి బావుల భాగమే ఇచ్చారు. ఒక్క మాట తడబడకుండా రాశాను. తర్వాత పాసయ్యాను, పట్టా వచ్చింది, ఆ ఉద్యోగమూ వచ్చింది. ఇవన్నీ ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదాని ముందు వీటికి విలువ లేదు.

ఊరికి తిరిగి వచ్చిన రెండో రోజు ఖర్జూరాల పొట్లం పట్టుకుని సారు దగ్గరికి వెళ్ళాను. అలవాటు కొద్దీ పాత సంచీనే భుజాన వేసుకున్నాను. సారు హుషారుగా ఉన్నారు. ఆ రోజు ఆయన తల చాలా తేటగా ఉంది. అది నా ఖర్మ.

"చరిత్రలో ఏ భాగం ఇచ్చారమ్మా?"

మీరు చెప్పిందే వచ్చింది సార్ అంటే సరిపోయేది. ఆయన్ను సంతోషపెట్టాలన్న ఉబలాటంలో నోరు జారాను.

"ముసలామె గేటు కాడికి వస్తది గద సార్, గదే ఇచ్చిండ్రు."

కింద ఎవరో క్యాన్లు కడుగుతున్నారు. సారు పెదవులు కదిలాయి, ఆ గ్రంథాన్ని లోపల్లోపల మొదటి నుంచి తిరగేస్తున్నారని తెలుస్తూనే ఉంది. ఆ కాసేపట్లో లేచి పారిపోదామనిపించింది.

"ఆ గ్రంథంలో ముసలామె లేదమ్మా" అన్నారు చివరికి.

నేను సంచీని ఒళ్ళోకి లాక్కున్నాను.

"నేనే చెప్పానా?"

"అవ్ సార్."

"ఎన్నాళ్ళు?"

"కర్ఫ్యూ సంది."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"పరీక్షకు నెల ముంగట."

"తెలిసీ రోజూ వచ్చి రాసుకున్నావు" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. కృతజ్ఞత ఉంది, అదే నన్ను చంపేసింది. "ఆ నోట్సు ఉందా? చదువు. ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. చెప్పానని మాత్రం గుర్తుంది."

సంచీలోంచి నోటుబుక్కులు తీసి, ముసలమ్మ వచ్చిన రోజు నుంచి చదివాను. సారు కళ్ళు మూసుకుని విన్నారు. ఒకచోట నా ఉచ్చారణ దిద్దారు. ఒకచోట, "బాగా కుదిరింది కదూ ఆ వాక్యం?" అని చిన్నపిల్లాడిలా అడిగారు. ముసలమ్మ చెంగులో మూట కట్టుకుని తలుపు బయట కూర్చున్నది. పొద్దు వాలింది. కాపలావాడు లోపలి నుంచి తలుపుకు చెవి ఆనించి ఆమె దగ్గు విన్నాడు. తాళంచెవి తీసుకున్నాడు. అక్కడితో సిరా అయిపోయింది.

"ఆగావేం?"

"గంతవరకే ఉన్నది సార్."

"కాదు. చివరి దాకా చెప్పాను. తలుపు దగ్గర ఏం జరిగిందో చెప్పాను. నీ పాళీ చప్పుడు విన్నాను కదా, ఆ ఆఖరి రోజు కూడా విన్నాను. ఇటియ్యి."

చెయ్యి చాపారు. ఇచ్చాను. అడిగింది ఇవ్వడమే తప్ప ఆయన ముందు నాకు ఇంకోటి రాదు. ఆయన చూపుడువేలు కాగితం మీద ఎడమ నుంచి కుడికి మెల్లగా నడిచింది. నేను అదిమి గీసిన గాట్లన్నీ వరసగా తగిలాయి. ముఖం విప్పారింది.

"ఇదుగో, ఉందిగా. ఇంత రాశావు. చదువు తల్లీ."

అప్పటికప్పుడు ఏదో ఒక ముగింపు అల్లి చెప్పేయవచ్చు. ఆ పాటి లాటిన్ నాకు వచ్చు, ఆయనే నేర్పారు. తలుపు తీశాడని రెండు ముక్కలు చెబితే చాలు. కానీ ఆయన ఏం చెప్పారో నాకు తెలియదు. తీశాడో లేదో వినకుండా మూడు వారాలు ఎదురుగా కూర్చున్నాను.

"అందుల సిరా లేదు సార్" అన్నాను.

ఆయనకు వెంటనే అర్థమైనట్టు లేదు. వేలు ఆ గీత చివరి దాకా పోనిచ్చారు. తర్వాత పేజీ తిప్పి అవతలి పేజీ తడిమారు. ఇంకో పేజీ తిప్పారు. అన్ని పేజీలూ అయ్యేదాకా ఒక్కొక్కటే తిప్పుతూ తడుముతూ ఉన్నారు.